దుర్గ నంబరు

పెదబాబు తలుపును తన్నేటప్పటికి సత్యదుర్గ ఇంట్లోనే నడిపే పార్లరులో బేబిగారి మొహానికి ముల్తానీ మట్టి పూస్తోంది. తలుపుకి గడియ లేదు. వేలితో నెడితే వచ్చే తలుపు. అయినా తన్నాడు. తన్నడానికే బయల్దేరినవాడికి గడియతో పనేముంది!

రెక్క పోయి గోడకు కొట్టుకుంది. గోడనున్న అద్దం కిందపడి ముక్కలైంది. కళ్ళమీద కీరాముక్కలు పెట్టుకుని వెనక్కి వాలి ఉన్న బేబిగారు "ఓలమ్మో, భూకంపం!" అంటూ లేచి కూర్చుంది. భూకంపమైతే కాసేపుండి పోయేది. ఇది సత్యదుర్గ బావగారు. చేతిలో అరటిగెలలు కోసే కత్తి, దానిమీద ఎండిన అరటిబంక మరకలు.

"ఎక్కడే వాడు?"

"ఎవరు బావగారూ?"

ఆ ప్రశ్న పూర్తవకుండానే చెంప పేలింది. చేతిలోని బ్రష్షు ఎగిరిపోయింది. రెండో దెబ్బకి దుర్గ స్టూలు మీద పడింది, స్టూలు మీదున్న ఫోను కిందపడింది, ఆ ఫోనుని పెదబాబు చెప్పుకాలితో నాలుగుసార్లు తొక్కాడు. ఫోనేం చేసింది పాపం అనుకోకండి. వాడి దృష్టిలో అసలు ముద్దాయి ఆ ఫోనే.

వాళ్ళ ఊరు ముక్తేశ్వరంలో ఆడవాళ్ళని సొంత మొగుడి నంబరడిగితే ఫోను తీసి చూసి చెబుతారు. దుర్గ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు. దానికో కారణముంది.

అమలాపురంలో 'సింగారం' అని పెద్ద కొట్టు. రాజోల్లో ఒకటి, రావులపాలెంలో ఒకటి దాని బ్రాంచీలు. సబ్బూ షాంపూ దగ్గర్నుంచి లిప్‌స్టిక్కులూ, జుట్టు రంగులూ, మగాళ్ళ సెంట్లూ దాకా దొరకనిది లేదు. బిల్లు వేసే అమ్మాయి సామాను చూడకముందే "నంబరు చెప్పండి" అంటుంది. నంబరుంటే మెంబరు రేటు, నూటికి ఎనిమిది రూపాయలు తగ్గింపు. ఆపైన ఇరవై రూపాయలకో పాయింటు. బిల్లు అడుగున కూపను. సొంత నంబరు ఇస్తే మెసేజీలొస్తాయి, మెసేజీలు మొగుళ్ళు చదువుతారు, చదివి "మూడొందలెట్టి మొహానికి క్రీమా!" అని రంకెలేస్తారు. ఈ బాధ పడలేకపోతున్న ఆడవాళ్ళతో దుర్గ ఒకరోజు అంది:

"నా నంబరు చెప్పుకోండమ్మా. తగ్గింపు మీకు, పాయింట్లు నాకు. పది బిల్లులు తెచ్చినవాళ్ళకి కనుబొమ్మలు ఊరికే చేస్తాను."

అంతే, ఊరు ఊరంతా ఆ నంబరే చెప్పడం మొదలెట్టింది. ఇక దుర్గ తెలివి చూడాలి. కూపన్లు కనుబొమ్మల కత్తెరతో కత్తిరించి, గడువు తారీఖుల వరసన పాత ఊరగాయ జాడీలో దాచేది. వెయ్యి రూపాయలకి కొంటేనే చెల్లే కూపనైతే, నలుగురి చీటీలు కలిపి ఒకే బిల్లు వేయించేది. మంగళవారం పాయింట్లు రెట్టింపు కాబట్టి పెళ్ళికూతుళ్ళ సామానంతా మంగళవారమే కొనిపించేది. మంగళవారం కొనుగోళ్ళేమిటే అని ముసలమ్మలు సణిగితే, "పసుపూ కుంకుమా కాదుగా అత్తా, ఫేస్‌వాష్‌కి కూడా వారమూ వర్జ్యమూ ఏంటి!" అనేది.

ఇంత తాపత్రయమూ ఒక కుర్చీ కోసం. సింగారంలో అద్దాల వెనక పెట్టారు దాన్ని. నల్ల రెక్సిను, కాలితో తొక్కితే పైకి లేస్తుంది, మీట లాగితే వెనక్కి వాలుతుంది. ఇరవై వేల పాయింట్లుంటే ఊరికే ఇస్తారు. దుర్గ మొగుడు నాగబాబు కువైట్‌లో డ్రైవరు. నెలనెలా డబ్బు పంపుతాడు, పెళ్ళానికి కాదు, అన్న పెదబాబుకి. ఇంట్లో ఉప్పు నిండుకుంటే దుర్గ వెళ్ళి బావగారి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆరేళ్ళుగా అదే బతుకు. సెంటర్లో బుచ్చిరాజుగారి గది ఖాళీగా ఉంది. "కుర్చీ ఉన్న పార్లరైతే ఇస్తానమ్మా. ప్లాస్టిక్ కుర్చీ యాపారానికి నా గదెందుకు?" అన్నాడాయన. కుర్చీ వస్తే గది, గది వస్తే తన కాళ్ళమీద తాను. ఉప్పుకి ఎవడి ముందూ నిలబడక్కర్లేదు. ఆ మంగళవారం పొద్దుటికి ఇంకా నూట ఇరవై పాయింట్లే తక్కువ.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మెంబరు ఫారంలో. ఈమెయిల్ అని ఉన్నచోట, ఆ ఇంట్లో మెయిలున్నవాడు మొగుడొక్కడే కాబట్టి దుర్గ అతగాడిదే రాసింది. ఊళ్ళో ఎవరు ఏం కొన్నా బిల్లు కువైట్ వెళ్ళి నాగబాబు పెట్టెలో పడింది. నాలుగేళ్ళు వాడు దాన్ని తెరవలేదు. మొన్న శుక్రవారం సెలవునాడు మెయిలు నిండిపోయిందని తెరిచాడు. రాజోలు, అమలాపురం, రావులపాలెం. షేవింగ్ క్రీములు, మగాళ్ళ సెంట్లు, లిప్‌స్టిక్కులు. వాడి బుర్ర తిరిగిపోయింది.

వెంటనే ఫోను చేశాడు. "నేను వెళ్ళలేదండీ, ఎవరో నా నంబరు చెప్పుంటారు" అంది దుర్గ. "పరాయివాళ్ళు నీ నంబరెందుకు చెబుతారే?" అన్నాడు. పాయింట్ల సంగతి చెప్పబోతే వినలేదు. మూడు రోజులు కుతకుతా ఉడికి, మంగళవారం పొద్దున్నే అన్నకి ఫోను చేశాడు. అదీ జరిగింది.

పెదబాబు జడ పట్టి దుర్గని వసారాలోకి ఈడ్చాడు. గడప తగిలి ఆమె మోకాలు చీరుకుపోయింది. దుర్గ రెండు చేతులా తన జడ మొదలు పట్టుకుని "బావగారూ, మీకు దండం పెడతాను, చెప్పేది వినండి" అని ఏడ్చింది. వాడు వినడానికి వచ్చాడా? కడుపులో తన్నాడు. ఎదురింటి సూర్యావతి పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు. పక్క వాటాలోంచి వాడి పెళ్ళాం సూర్యకాంతం వచ్చి చెయ్యి పట్టుకుంటే, మోచేత్తో పొడిచాడు. ఆవిడ పెదవి చిట్లింది.

"ఈ చేత్తోనేగా సింగారాలు చేస్తావ్!"

దుర్గ కుడిచెయ్యి గడప మీద ఒత్తిపట్టి, కత్తిపిడితో కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పచ్చిరెమ్మ విరిచిన చప్పుడైంది. దారం పట్టి కనుబొమ్మలు దిద్దే వేళ్ళవి. చూపుడువేలూ మధ్యవేలూ చూస్తుండగానే వంకాయల్లా అయ్యాయి. దుర్గ అరుపుకి వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

"ఎందుకు కొడుతున్నారో చెప్పి కొట్టండి!" అని సూర్యావతి అరిచింది.

"చెబుతాను! అందరి ముందే చెబుతాను!" అని పెదబాబు తన ఫోను తీసి తమ్ముడికి వీడియో కాల్ చేశాడు. ఫోను స్తంభానికి ఆనించి నిలబెట్టాడు. కువైట్‌లో కారులో కూర్చున్న నాగబాబు మొహం కనిపించింది. పెళ్ళాం నేలమీద నెత్తుటితో పడి ఉంటే, అయ్యో అనలేదు ఆ మహానుభావుడు. "చదవమంటావా అన్నయ్యా?" అన్నాడు.

"చదువు. పదిమందీ విననీ."

"ఫిబ్రవరి పద్దెనిమిది. రాజోలు బ్రాంచి. షేవింగ్ క్రీం, బ్లేళ్ళు. ఎవడికే అవి? గెడ్డం నీకొచ్చిందా?"

దుర్గ నోరు తెరవబోయింది. నోట్లోంచి మాటకి బదులు రక్తం వచ్చింది. అప్పుడు జనంలోంచి సన్నగా ఒక గొంతు.

"అయి నావండీ."

సూర్యావతి. "మా ఆయనకండీ. రాజోలు మా పుట్టింటికెళ్ళినప్పుడు కొన్నాను. దుర్గ నంబరు చెప్పేను. నా పేల నూనె కూడా ఉంటది సూడండి ఆ బిల్లులో."

నాగబాబు బిల్లు చూశాడు. ఉంది కాబోలు. ఇంకొకటి తీశాడు. "ఫిబ్రవరి ఇరవై అయిదు, అమలాపురం. తెల్లబడే క్రీం, రెండు వేల రెండొందలు. రెండు వేల రెండొందలెక్కడివే నీకు?"

"నాది బాబూ" అంది బేబిగారు. మొహాన మట్టి సగం ఎండి, మాట్లాడుతుంటే పెళ్ళలు రాలుతున్నాయి. "మా ఆయన సూరయ్యగారికి రెండొందలని చెప్పేను. ఇయ్యాల తెలిసిపోద్ది. తెలియనీ."

ఆ మాటకి మామూలు రోజైతే అందరూ పడీపడీ నవ్వుదురు. ఎవరూ నవ్వలేదు. నాగబాబు చదువుతున్నాడు, ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొస్తున్నారు. అది నాదండి. ఇదీ నాదేనండి. ఆయ్, ఆ జుట్టు రంగు మా అత్తగారిదండి. వాళ్ళలో ఇద్దరికి ఇంటికెళ్ళాక వీపులు చిట్లుతాయని వాళ్ళకీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుసు. అయినా వచ్చారు. వాళ్ళని చూస్తుంటే దుర్గకి వేళ్ళ నొప్పికంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది.

"సరే!" నాగబాబు గొంతు పెద్దది చేశాడు. "ఇయి ఎవరివో చెప్పండి సూద్దాం. రావులపాలెం బ్రాంచి, శుక్రవారం, సాయంత్రం ఆరు దాటేక. మగాళ్ళ సెంటు, గంధం వాసన. జుట్టు రంగు. లిప్‌స్టిక్, ఎరుపు. మళ్ళీ శుక్రవారం. అదే బ్రాంచి, అదే టైము. లిప్‌స్టిక్, కాటుక, గోళ్ళరంగు. ఇలాంటియి పదకొండున్నాయి."

ఎవరూ ముందుకు రాలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెదబాబు కాండ్రించి ఉమ్మి, కత్తి పైకెత్తాడు.

"ఏం, ఇప్పుడు నోళ్ళు పడిపోయేయా? శుక్రవారం శుక్రవారం ఎవడి దగ్గరికే?"

కత్తి ఎత్తిన చంకలోంచి గుప్పుమని వచ్చింది వాసన. గంధం.

సూర్యకాంతం చిట్లిన పెదవి కొంగుతో ఒత్తుకుంటూ అక్కడే ఉంది. ఆ వాసన ఆవిడకి ఆర్నెల్ల నుంచీ తెలుసు. అడిగితే లారీవాళ్ళు ఇచ్చారన్నాడు. మొగుడి నెత్తి వైపు చూసింది. నలభై ఆరేళ్ళవాడికి కాకినలుపు జుట్టు. శుక్రవారం రావులపాలెం మార్కెట్టుకి గెలల లోడు వేసుకెళ్ళేది ఎవరు? రాత్రి పదింటికి గాని ఇంటికి రానిది ఎవరు? "సింగారంలో ఏం కొన్నా మన దుర్గ నంబరు చెప్పండి, ఎనిమిది రూపాయలు తగ్గిస్తారు" అని సబ్బులు తెమ్మన్ననాడు ఆ నంబరు వాడికి బట్టీ పట్టించింది తనే కదా! చెప్పిన నంబరు ఎవరికి బిల్లు పంపుతుందో ఆ పశువుకి తెలీదు. మెంబరు రేటుందని మాత్రం తెలుసు. ఉంచుకున్నదానికి లిప్‌స్టిక్ కొంటూ నూటికి ఎనిమిది రూపాయలు మిగుల్చుకుందామనుకున్న మగాణ్ణి ఏమనాలి? నాకైతే తిట్టు దొరకడం లేదు.

"అయ్యి మా ఇంటియే, మరిదిగారూ" అంది సూర్యకాంతం.

"ఏంటి వదినా?"

"మీ అన్నగారియండీ. ఆ సెంటు ఆయన ఒంటిమీదుంది, ఆ రంగు ఆయన నెత్తిమీదుంది. ఆ లిప్‌స్టిక్ ఎవత్తి మూతికుందో ఆయన్నే అడగండి. పదిహేడేళ్ళ కాపురంలో నా మూతికి వాజలీను కూడా తేలేదు."

పెదబాబు మొహం ముందు తెల్లబోయింది, తర్వాత నల్లబడింది. "నోర్ముయ్యవే లం..." అంటూ కత్తి తిప్పి సూర్యకాంతం మీదికి ఉరికాడు. ఈసారి పిడి కాదు, అంచు.

దుర్గ గడప దగ్గర పడి ఉంది కదా, ఆమె ఎడమచేతికి అందేంత దూరంలోనే గోడవార, చేతుల మీద నూగు తీసే వేక్సు కాచే కరెంటు గిన్నె ఉంది. పొద్దుటినుంచీ ప్లగ్గులోనే ఉంది. తీగ పట్టి లాగింది. కుతకుతలాడే తేనెరంగు పాకం పెదబాబు రెండు పాదాల మీదా పడింది. అది నీళ్ళలా జారిపోయేది కాదు, అంటుకుని కాలుస్తుంది. వాడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. కత్తి జారిపోయింది.

సూర్యకాంతం కత్తి తీసుకుంది. అత్తవారింట అడుగుపెట్టింది మొదలు గొంతెత్తని మనిషి. కత్తిని తిరగేసి, వెన్నువైపు నుంచి మొగుడి కుడి మణికట్టు మీద బలమంతా పెట్టి కొట్టింది. తిరగెయ్యడమే ఆవిడ చూపిన దయ. "ఇది దుర్గ చేతికి" అంది. ఎముక పుటుక్కుమంది. మళ్ళీ ఎత్తింది. "ఇది నా పదిహేడేళ్ళకి." రెండో దెబ్బకి వాడు కూలబడ్డాడు. మూడోది ఎత్తేలోగా బేబిగారు వెనకనుంచి వాటేసుకుని పట్టుకుంది. "చాలమ్మా, చాలు. జైలుకి పోతావు."

స్తంభానికి ఆనించిన ఫోనులోంచి నాగబాబు "అన్నయ్యా! అన్నయ్యా!" అని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో ఒక్కటైనా పెళ్ళాం కోసం ఉంటుందేమోనని దుర్గ చెవులు రిక్కించి విన్నది. లేదు.

"దుర్గా! మా అన్నయ్య కాళ్ళు కాలుస్తావే! ఆ సిమ్ము నా పేరు మీదుంది. ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేసి ఆపించేస్తాను. నీ పాయింట్లూ, నీ కుర్చీ, అన్నీ గోదాట్లో కలిసిపోవాలి!"

సూర్యావతి ఆ ఫోను తీసి కట్ చేసింది.

ఆటో నతానియేలు వీధిలో బండి ఆపి చూస్తున్నాడు. "ఆస్పత్రికి పదండమ్మా, అమలాపురం నలభై నిమిషాలు" అన్నాడు. దుర్గ మాత్రం లేవలేదు. నేలమీద పాకుతూ, నలిగిన ఫోను ముక్కల్లో ఎడమచేత్తో వెతుకుతోంది. దొరికింది. వేలిగోరంత సిమ్ము. దాన్ని సూర్యకాంతం చేతిలో పెట్టింది.

"అక్కా, నీ ఫోన్లో వెయ్యి. ముందు సింగారానికి వెళదాం."

"పిచ్చా ఏమిటే నీకు? ఆ వేళ్ళు చూడు!"

"వేళ్ళు ఎలాగూ విరిగిపోయేయి. కుర్చీ కూడా పోతే నేనెవరి ముందు నిలబడాలి?"

సూర్యకాంతం సిమ్ము తన ఫోన్లో వేసింది. నేలమీద మూలుగుతున్న మొగుడి చొక్కాజేబులోంచి గెలల డబ్బు తీసి రొంటిని దోపుకుంది. "ఈయన్ని ఎవరైనా ఆస్పత్రికి తీసుకుపోండి" అని చెప్పి ఆటో ఎక్కింది.

తువ్వాలు చుట్టిన చేత్తో దుర్గా, చిట్లిన పెదవితో సూర్యకాంతం, మొహాన ఎండిన మట్టితో బేబిగారు, సూర్యావతి. నలుగురూ సింగారంలో అడుగుపెడితే ఏసీలో ఉన్నవాళ్ళంతా పక్కకి జరిగారు. తువ్వాల్లోంచి తెల్లటి నేలమీద చుక్కలు పడుతున్నాయి. కౌంటరమ్మాయి ఆ చుక్కలవైపే చూస్తూ, అలవాటైన మాట మాత్రం అనేసింది.

"నంబరు చెప్పండి."

నలుగురూ ఒక్కసారే చెప్పారు. వెనక వరసలో ఉన్న పక్కూరు బండారులంక ఆడవాళ్ళు ఇద్దరు కూడా గొంతు కలిపారు.

"నూట ఇరవై పాయింట్లు తక్కువున్నాయండి."

సూర్యకాంతం ముందే బుట్ట నింపుతోంది. దూది, డెట్టాలు, కాలిన పుండ్ల మందు, సబ్బులు. చివరికి ఒక ఎరుపు లిప్‌స్టిక్. "అది నాకు" అంది ఎవరూ అడక్కుండానే. పన్నెండు వందల పదకొండు అయింది.

"రెండొందల కూపనుందండి మీ పేరుమీద. వాడమంటారా?"

నొప్పికి దుర్గ కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా బుర్ర పనిచేస్తోంది. "వద్దండీ. కూపను వాడితే బిల్లు పన్నెండొందల కిందికి దిగిపోద్ది, పాయింట్లు చాలవు. ఇవాళ మంగళవారం, రెట్టింపు ఎయ్యండి." జీవితంలో మొదటిసారి ఆమె చేతిలో ఉన్న కూపను వదులుకుంది.

"ఓటీపీ వస్తుందండి ఫోనుకి."

సూర్యకాంతం ఫోను కౌంటరు మీద పెట్టారు. నలుగురి తలలూ దానిమీద వంగాయి. పది లెక్కపెట్టారు. రాలేదు. నాగబాబు ఈపాటికి ఫోను చేసేశాడేమో. దుర్గ ఎడమచెయ్యి కౌంటరు అంచుని పట్టుకుంది. ఇరవై. బేబిగారు ముక్తేశ్వరస్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. ఫోను గుర్రుమంది. నాలుగంకెలు. సూర్యావతి అరిచినట్టుగా చదివింది.

కుర్చీని ట్రాలీ ఆటో ఎక్కించారు. "ఇందులో కూర్చోబెట్టండి దీన్ని" అంది సూర్యకాంతం. దుర్గ ఆ నల్ల రెక్సిను కుర్చీలో వెనక్కి వాలింది. ఆరేళ్ళలో ఎందరినో వాల్చిన మనిషి, తను వాలడం ఇదే మొదలు. రెండు వీధులు దాటి ఆస్పత్రి మలుపు తిరుగుతుండగా సూర్యకాంతం ఫోను చూసింది. సిగ్నలు గీతలు లేవు.

"సిమ్ము చచ్చిందే" అంది.

దుర్గ నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఇకనుంచి ఎవరి నంబరు చెబుదాం అక్కా?"

సూర్యకాంతం అద్దం లేకుండానే, చిట్లిన చోటు తప్పించి, పెదవులకి ఎరుపు పూసుకుంటోంది.

"ఎవరి నంబరు వాళ్ళే చెప్పుకుందామే" అంది.